చిన్నగది లెక్క

కార్పెట్ల మనిషి హాలు మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, కొలత టేపు కొస పైకెత్తి పట్టుకుని, "ఎవరైనా ఒకరు ఇది గోడకి ఆనించి పట్టుకుంటారా?" అని అడిగాడు.

ఎవరూ కదలలేదు.

అతను అడిగింది చిన్న సాయమే. కానీ నిన్న సాయంత్రం పిల్లను ఆసుపత్రి నుంచి తీసుకువచ్చింది మొదలు ఆ ఇంట్లో ఎవరి చేతులూ వాళ్ల స్వాధీనంలో ఉన్నట్టు లేవు. కోడలు కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది. పెద్దావిడ, కిందటేడు తుంటి విరిగి అతికిన కాలును స్టూలు మీద చాపుకుని, చల్లారిపోయిన టీ కప్పును ఒళ్లో పెట్టుకుని ఉంది. పెద్దాయన పేపరు తెరిచి పట్టుకున్నాడు. చదవడం లేదు.

చివరికి ఆయనే లేచాడు.

"కొలతలంటే ఆయనకి ప్రాణంలెండి," అంది పెద్దావిడ కార్పెట్ల మనిషితో. "ఉద్యోగం చేసినన్నాళ్లూ వానని కూడా కొలవకుండా పోనివ్వలేదు."

"వాతావరణ కేంద్రంలో చేశారా సార్? మా నాన్న రోజూ మిమ్మల్నే తిట్టుకునేవాడు. పడుతుందన్న వాన పడేది కాదని."

ఇంకో రోజయితే పెద్దాయన ఊరుకునేవాడు కాదు. పడబోయే వాన గురించి చెప్పేవాళ్లు వేరు, పడిన వానను కొలిచేవాళ్లు వేరు, నేను రెండో జాతి అని ఓపిగ్గా విడమరిచి చెప్పేవాడు. ఇవాళ టేపు కొసను గోడకు ఆనించి, "పట్టుకున్నాను, చూడండి," అని మాత్రం అన్నాడు.

ఆనించిన వేలి కింద గోడ చల్లగా ఉంది. చల్లగా ఉందన్న సంగతి తెలిసింది కానీ, ఆ చలి తనకు తగిలినట్టు లేదు. ఎవరో ఫోన్లో చదివి వినిపించిన ఉష్ణోగ్రతలా ఉంది.

"మేడమ్, ఇల్లంతా అన్నారు కదా? హాలు, నడవా, మెట్లు, పై గది, చిన్నగది?"

"ఇల్లంతా," అంది కోడలు వెనక్కి తిరక్కుండానే.

పై గదిలో పిల్ల దగ్గింది. నిన్నటినుంచి పిల్లను అక్కడే పడుకోబెడుతున్నారు. పొడి దగ్గు, రెండుసార్లు. ముగ్గురూ ఒకేసారి తలలెత్తారు. మూడోసారి వస్తుందేమోనని ఆగారు. రాలేదు. కార్పెట్ల మనిషి కూడా ఎందుకో తెలియకుండానే ఆగి, వాళ్లు తలలు దించుకున్నాక మళ్లీ టేపు లాగాడు.

*

పిల్లకు ఇంట్లో అందరూ పెట్టుకున్న పేరు పిచ్చుక. పిచ్చుక ఆయనకు పెట్టిన పేరు రుజువు తాత.

ఆ పేరు ఊరికే రాలేదు. చారులో ఉప్పు తక్కువైందంటే, "నీ నాలుక మాటేనా? ఇంకొకరి చేత కూడా చెప్పించు," అనే మనిషి ఆయన. చుట్టం ఎవరైనా కల ఫలించిందని చెబితే, ఫలించని కలలు ఎన్నో కూడా చెప్పమని అడిగి పంపేవాడు. అందుకే డాక్టరు, పిల్ల ఆయాసానికి ఆమె గదిలోని పాత తివాచీ కారణం కావచ్చు, తీసి చూడండి అన్నప్పుడు, ఆయనకు వినిపించింది 'తీసి' కాదు. 'కావచ్చు'.

అయిదు వారాల కిందట చిన్నగదిలోంచి దాన్ని తీసేశారు. చుట్ట చుట్టి పెరట్లో షెడ్డులో పడేశారు. పిల్ల తేరుకుంది. రాత్రిళ్లు నిద్రపోయింది. కోడలి ముఖంలో నెత్తురు కనబడింది.

కానీ అదే వారంలో చలి తగ్గింది. పక్కింటివాళ్లు పిల్లిని ఎవరికో ఇచ్చేశారు. మందు కూడా మారింది. నాలుగు మార్పులు ఒకేసారి జరిగినప్పుడు ఫలితాన్ని ఒక్కదానికే అంటగట్టడం అశాస్త్రీయమని ఆయన వాదం. ఆ వాదంలో తప్పు లేదు. ఇప్పటికీ లేదు. తప్పంతా ఆ వాదం పూర్తయ్యాక ఆయన చేసిన పనిలో ఉంది.

షెడ్డులోని పాత తివాచీనుంచి ఒక ముక్క కోసి, పిల్ల మంచం కింద పరిచాడు.

"ఇది మనిద్దరి ప్రయోగం," అని పిచ్చుకకు చెప్పాడు. "అమ్మకి చెప్పకూడదు. అమ్మకి తెలిస్తే కంగారుపడుతుంది, అప్పుడు నీకూ ఆయాసం వచ్చినట్టే ఉంటుంది. ఫలితం పాడైపోతుంది."

పిచ్చుక చాలా గంభీరంగా తల ఊపింది. ఆ పిల్లకు రహస్యాలంటే ఇష్టం. తాతంటే ఇంకా ఇష్టం.

అయిదో రాత్రి ఊపిరి అందక లేచింది. పెదవులు రంగు మారాయి. కొడుకు లారీ మీద దూరం వెళ్లి ఉన్నాడు. అంబులెన్సు వచ్చింది, కోడలు చెప్పులు కూడా వేసుకోకుండా ఎక్కింది. అంబులెన్సు వెళ్లగానే పెద్దాయన మొట్టమొదట చేసిన పని, ఆ ముక్కను మంచం కిందనుంచి లాగి షెడ్డులోకి చేర్చడం.

అప్పటినుంచి ఆయనకు ఏమీ అనిపించడం లేదు. భయం వేయాలి. వేయడం లేదు. ఏడుపు రావాలి. రావడం లేదు. ఒకసారి తన నాడిని తానే పట్టుకుని చూసుకున్నాడు. మామూలుగా కొట్టుకుంటోంది. అది కూడా అన్యాయమనిపించింది, కానీ ఆ అనిపించడంలోనూ బలం లేదు.

కోడలు ఆసుపత్రి వరండాలోనే ఒక నిర్ణయానికి వచ్చింది. చిన్నగదిలో కార్పెట్ లేకపోయినా ఆయాసం వచ్చిందంటే, దుమ్ము హాల్లోంచో మెట్లమీదనుంచో వస్తోందన్న మాట. ఇల్లంతా పాతది పీకేసి, నూగు పొట్టిగా ఉండే కొత్త రకం వేయించాలి. నేల వట్టిగా వదిలేద్దామంటే కింద గరుకు సిమెంటు, పైగా అత్తగారి తుంటి. అక్కడినుంచే దుకాణానికి ఫోన్ చేసింది.

ఆమె తర్కంలో దోషం లేదు. ఆమెకు అందిన వివరాల్లో ఉంది. ఆ వివరాలను చెడగొట్టింది వివరాల కోసమే బతికిన మనిషి.

డబ్బు ఆమెదే. రెండు వీధుల అవతల బట్టలు కుట్టే కొట్టు చూసి పెట్టుకుంది. కింద మిషన్లు, పైన ఒక గది. దాని అడ్వాన్సు కోసం కుట్టుకూలి మీద కూడబెట్టిన సొమ్ము అది. ఇప్పుడు కార్పెట్ కింద పోతుంది.

పెద్దాయన నోరు విప్పితే ఆ డబ్బు మిగులుతుంది. ఆయనకు పిల్ల మిగలదు. తెలిసీ ఈ పని చేసిన మనిషి ఉన్న ఇంట్లో ఏ తల్లి బిడ్డను ఉంచుతుంది?

లెక్క ఇంత స్పష్టంగా ఉన్నందుకే ఆయన రెండు రోజులుగా దాన్ని చూడకుండా కూర్చున్నాడు.

*

"చిన్నగది," అన్నాడు కార్పెట్ల మనిషి, తలుపు తోస్తూ. "మంచం కాస్త పక్కకి జరపాలి సార్. మీరు ఆ కాలు పట్టండి."

మంచం జరిగింది. కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

కార్పెట్ల మనిషి వంగి, నేలమీదనుంచి ఏదో చిటికెతో తీశాడు. బూడిదరంగు పోగులు.

"ఇక్కడ పాతది తీసేసి ఎన్నాళ్లయింది మేడమ్?"

"అయిదు వారాలు."

"ఊడుస్తున్నారా?"

"రోజూ."

"పాత కార్పెట్ అంతేనండి. పోయినా పీడ వదలదు," అని అతను పోగులు జేబులో వేసుకుని టేపు విప్పాడు. అతనికి అది రోజూ చూసే చెత్త. అంతకంటే ఏమీ లేదు.

పెద్దాయన చూపు జేబుదగ్గరే ఆగిపోయింది. కోడలి చూపు ఆయన ముఖం దగ్గర ఆగింది.

"మావయ్యగారూ, ఏమైనా అడగాలా?"

"అబ్బే. ఏముందమ్మా."

"కొలత సరిగ్గా ఉందా?"

"ఉంది."

ఆమె తల ఊపి హాల్లోకి వెళ్లిపోయింది. ఆమె అడుగుల చప్పుడు పాత కార్పెట్ మీద మెత్తగా వినిపించి ఆగింది.

*

కార్పెట్ల మనిషి నమూనాల పుస్తకం తెరిచి బల్లమీద పరిచాడు. బూడిద, గోధుమ, బురద, మళ్లీ బూడిద. అన్నిటికీ పూల పేర్లు ఉన్నాయి.

"ఇదేం రంగయ్యా? ఉడికీ ఉడకనట్టు ఉంది," అంది పెద్దావిడ.

"ఇప్పుడు అందరూ ఇదే వేయిస్తున్నారమ్మా. మరకలు కనబడవు."

"వేయించే ముందే మరకలా ఉంటే ఇంక కొత్త మరక ఎక్కడ కనబడుతుంది?"

అతను నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. పెద్దావిడ కూడా నవ్వించాలని అన్నట్టు లేదు. నిశ్శబ్దంలో ఒక మాట పడేసి దాని లోతు చూసినట్టు ఉంది.

అతను కాలిక్యులేటరు తీశాడు. సరుకు ధర చెప్పాడు. అది అనుకున్నంతే ఉంది. పెద్దాయన మనసులోనే వేసుకున్న లెక్కకు దాదాపు సరిపోయింది.

"ఇది కాక తరుగు," అన్నాడు అతను.

"తరుగేమిటి? కొత్త తివాచీకి తరుగేమిటి?" పెద్దాయన గొంతు అప్పుడే నిద్రలేచినట్టు వచ్చింది.

"చుట్ట వెడల్పు ఒకటే ఉంటుంది సార్. మీ గది వెడల్పు ఇంకోటి. మిగిలిన పట్టీ ఇంకెక్కడా పనికిరాదు. నూగంతా ఒకవైపే తిరిగి ఉండాలి, అందుకని ముక్కని అడ్డం తిప్పి వెయ్యలేం. తిప్పితే రంగు తేడా కొడుతుంది."

"అంటే వాడని దానికి కూడా డబ్బు ఇవ్వాలి."

"కొన్నదానికి ఇవ్వాలి సార్. వాడడం వాడకపోవడం గది ఆకారాన్ని బట్టి."

పెద్దాయన ఇంకా అడిగాడు. కింద వేసే మెత్తటి పొర విడిగానా? విడిగానే. పాతది ఉంచుకోకూడదా? కూడదు, దుమ్మంతా అందులోనే ఉంటుంది. గోడల వారన మేకుల పట్టీ? అది కూడా. పాత కార్పెట్ పీకి బయట పారేయడానికి? కూలి వేరే. బీరువాలూ మంచాలూ జరపడానికి? అదీ వేరే, లోపలి సామాను మీరే తీసి పెట్టాలి. తలుపులు కింద రాసుకుంటే కోయడానికి? తలుపుకి ఇంత.

ప్రశ్న అడిగినప్పుడల్లా మొత్తం పెరుగుతోంది. అది ఆయనకు తెలుస్తూనే ఉంది. అయినా అడుగుతున్నాడు. ఇవి అడుగుతున్నంతసేపు ఇంకొకటి చెప్పనక్కర లేదు.

"ఏమండీ, ఆయన్ని లెక్క తేల్చనివ్వండి," అంది పెద్దావిడ. "వానలు కొలిచినట్టు చుక్కచుక్కకీ అడ్డం పడితే ఎలా?"

"అడగనివ్వండి అత్తయ్యగారూ," అంది కోడలు. "మావయ్యగారు అడగవలసినవన్నీ అడిగేయాలి. చెప్పవలసినవి కూడా చెప్పేయాలి. తరవాత అనుకుంటే లాభం లేదు."

ఆ మాట చాలా మామూలుగా అంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ అన్నట్టు.

"మొత్తం తొంభై ఆరు వేలు," అన్నాడు కార్పెట్ల మనిషి. "సగం ముందు ఇస్తే రేపే కోత వేసేస్తాం. కోత వేశాక మాత్రం వెనక్కి తీసుకోం. అది ముందే చెప్తాను, తరవాత మాట పడను."

"ఇంత డబ్బు కాళ్ల కిందా!" అంది పెద్దావిడ. తరవాత కోడలి వైపు చూసి గొంతు తగ్గించింది. "కొట్టు వాడికి ఏం చెప్తావే?"

"ఇవాళ సాయంత్రం దాకా గడువిచ్చాడు. రానని చెప్తాను."

"మళ్లీ దొరకదేమోనే అలాంటిది."

"దొరకదు."

కోడలు లోపలికి వెళ్లి కవరు తెచ్చింది. కార్పెట్ల మనిషి రసీదు పుస్తకం తీసి పెన్ను మూత విప్పాడు. ఆమె కవరు అతనికి ఇవ్వలేదు. రెండడుగులు వేసి పెద్దాయన ముందు నిలబడింది.

"మీరివ్వండి మావయ్యగారూ."

"నేనా? డబ్బు నీది కదమ్మా."

"ఇంటికి పెద్దవారు. మీ చేతులమీదుగా ఇస్తే బాగుంటుంది."

ఆయన కవరు అందుకున్నాడు. బరువు ఏమీ లేదు. ఎన్ని బట్టలకు ఎన్ని అంచులు కుడితే ఈ కవరు ఇంత మందం అయిందో అని ఒక ఆలోచన వచ్చి, ఎక్కడా తగలకుండా పోయింది. కార్పెట్ల మనిషి చెయ్యి చాచాడు. పెద్దాయన కూడా చెయ్యి చాచాడు. రెండు చేతుల మధ్య బెత్తెడు దూరం మిగిలింది. ఆ దూరం దాటమని ఆయన తన చేతికి చెప్పాడు. చెయ్యి వినలేదు.

"సార్?"

"ఇల్లంతా వెయ్యనక్కర్లేదు," అన్నాడు పెద్దాయన.

"ఎందుకండీ?" పెద్దావిడ అడిగింది.

"హాల్లో దుమ్ము వల్ల కాదు పిల్లకి వచ్చింది. చిన్నగదిలోదే. ఆ పాత ముక్క అప్పుడు మంచం కింద ఉంది."

"ఏ ముక్క? అయిదు వారాలైంది తీసి."

"మళ్లీ పెట్టాను. నేనే. నాలుగు రోజులు అలా ఉంచాను. నిజంగా దాని వల్లేనా, కాదా అని."

పెద్దావిడ చేతిలో కప్పు పక్కకు ఒరిగి, చల్లటి టీ ఆవిడ చీర మీదుగా పాత కార్పెట్ మీదికి కారింది. ఆవిడ దాన్ని చూస్తూనే ఉంది. తుడవలేదు.

"పిల్లకి తెలిసేనా?"

"మనిద్దరి ప్రయోగం అన్నాను."

"రుజువు దొరికిందా?" అంది పెద్దావిడ. అందులో ఎత్తిపొడుపు కూడా లేదు. నిజంగానే అడిగింది.

ఒక్క పరిశీలన రుజువు కాదు. అది ఆయనకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. అది నాలుక మీద పడినప్పుడే, మూడు రోజుల్లో మొదటిసారి, లోపల ఎక్కడో ఏదో సన్నగా మండింది.

కోడలు కదల్లేదు. ఆమె ముఖంలో ఆశ్చర్యం కోసం ఆయన వెతికాడు. లేదు.

"నీకు..."

"తెలుసు," అంది. "మొన్న ఆసుపత్రిలో చెప్పింది. గొట్టం తీసిన కాసేపటికే. 'అమ్మా, నీకు చెప్పేస్తే తాత ఫలితం పాడైపోతుంది, అయినా చెప్పేస్తున్నా' అని ఏడ్చింది. తన వల్లే ప్రయోగం చెడిపోయిందనుకుంటోంది."

కార్పెట్ల మనిషి పెన్ను మూత నెమ్మదిగా పెట్టుకున్నాడు.

"మీ దుకాణానికి ఫోన్ చేసి రావద్దని చెప్పేద్దామనుకున్నాను," ఆమె అతనితో అంది. మళ్లీ పెద్దాయన వైపు తిరిగింది. "తరవాత రానిద్దామనుకున్నాను. ఏ లెక్క దగ్గర చెప్తారో చూద్దామని. చిన్నగదిలో పోగులు దొరికినప్పుడు చెప్తారనుకున్నాను. కొట్టు మాట వచ్చినప్పుడు చెప్తారనుకున్నాను. మీ చేతికి కవరు ఇస్తే తప్ప రాలేదు."

"అమ్మాయ్..."

"నేను అరవను మావయ్యగారూ. అరిచే ఓపిక ఆసుపత్రిలోనే అయిపోయింది."

ఆమె ఆయన చేతిలోంచి కవరు తీసుకుంది. లాక్కోలేదు. వేళ్లు తామే వదిలేశాయి.

"అత్తయ్యగారికి నేల గట్టిగా ఉంటే నడవడం కష్టం. హాలూ నడవా మీరు వేయించుకోండి, మీ ఇష్టం. పాతది ఉంచినా మీ ఇష్టమే," అంది. తరవాత కార్పెట్ల మనిషి వైపు తిరిగి, "చిన్నగది మాత్రం తీసేసి లెక్క చెప్పండి," అంది.

"చిన్నగదా? అసలు పాప కోసమేగా మేడమ్ ఇదంతా? ముందు వేయించాల్సింది అదే."

"ఆ గదిలో ఇంక ఎవరూ ఉండరు. కొట్టుకి పైన ఒక గది ఉంది. దానికి నేల నున్నగా ఉంది, కార్పెట్ అక్కర్లేదు."

కార్పెట్ల మనిషికి ఏం చేయాలో తెలియలేదు. ఇలాంటప్పుడు మనిషి చేతికి అలవాటైన పని వెతుక్కుంటుంది. అతని వేళ్లు కాలిక్యులేటరు మీదికి వెళ్లాయి. చిన్నగది సరుకు తీసేశాడు. కింద పొర తీసేశాడు. ఒక తలుపు కోత తీసేశాడు. మంచం జరిపే కూలి తీసేశాడు.

"సాయంత్రం అబ్బాయి లారీ దిగి వస్తాడు," అంది పెద్దావిడ, ఎవరికీ కాకుండా. "వాడికి ఎవరు చెప్తారు?"

"మావయ్యగారు చెప్తారు," అంది కోడలు.

పై గదిలో పిల్ల దగ్గింది. ఒకసారి. రెండోసారి. ఈసారి మూడోది కూడా వచ్చింది.

పెద్దాయన కాళ్లు అలవాటు చొప్పున మెట్లవైపు నడిచాయి. ఎన్నో రాత్రులు ఆ దగ్గుకు ముందుగా లేచింది ఆయనే. మందు గొట్టం ఎక్కడుందో, ఎన్నిసార్లు నొక్కాలో, వీపు ఎక్కడ నిమిరితే పిల్లకు హాయిగా ఉంటుందో ఆయనకు తెలుసు.

కోడలు ఆయనకంటే ముందే మెట్ల మొదట్లోకి వచ్చి నిలబడింది. పక్కకు తొలగలేదు. పైకీ వెళ్లలేదు.

"తాతా!" పైనుంచి సన్నగా పిలుపు వినబడింది. "రుజువు తాతా!"

వెనక కార్పెట్ల మనిషి గొంతు సవరించుకున్నాడు.

"ఎనభై రెండు వేలు సార్," అన్నాడు. "పద్నాలుగు వేలు తగ్గింది."